ఇల్లు కొనేలోపు ఎండ కాచుకోవడానికి వెళ్ళొచ్చా?

ప్రశ్న: మేం డబ్లిన్ వచ్చి ఆరేళ్ళయింది. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, పిల్లలు ఇంకా లేరు. ఇల్లు కొనడానికి నెలకు 1,500 యూరోలు పక్కన పెడుతున్నాం. ఇప్పటికి 31,000 అయ్యాయి, 45,000 చేయాలి. ఏటా డిసెంబరులో ఇండియా వెళ్తాం. దానికి 4,500 దాకా అవుతుంది, అదీ ఈ పొదుపులోంచే తీస్తాం. ఇక్కడి చలికాలం చీకటి నాకు అస్సలు పడటం లేదు. వచ్చే ఫిబ్రవరిలో ఎనిమిది రోజులు పోర్చుగల్ దక్షిణ తీరం, అల్గార్వ్ వెళ్దామంటే మా వారు "ఇల్లు కొన్నాక చూద్దాంలే" అంటున్నారు. ట్రావెల్ సైట్‌లో హోటల్, ఫ్లైట్ కలిపి ఇద్దరికీ 2,600 చూపిస్తోంది. విజయవాడ బ్యాంకులో ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ (విదేశాల్లో ఉండేవాళ్ళు రూపాయల్లో దాచుకునే ఫిక్స్‌డ్ డిపాజిట్) 6 లక్షలుంది. అందులోంచి తీస్తే ఇక్కడి పొదుపు కదలదు కదా అని నా ఆలోచన. ఆయనకు ఐరిష్ పాస్‌పోర్ట్ వచ్చింది, నాది ఇండియన్ పాస్‌పోర్టే. అత్తగారికి తెలిస్తే ఏమంటారో అన్నది ఇంకో టెన్షన్.
– ఒక పాఠకురాలు, డబ్లిన్

జవాబు: ముందు ఆ ఎఫ్‌డీ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు భయం వేసింది అక్కడే.

2025 మొదట్లో యూరో 90 రూపాయల దగ్గర ఉండేది. ఏడాది తిరిగేసరికి 105 దాకా వెళ్ళింది. మీరు ఆ రోజుల్లో పంపి ఉంటే, 6 లక్షల కోసం ఇక్కడి నుంచి దాదాపు 6,670 యూరోలు పంపినట్టు. ఏడాది నిండి, 7 శాతం వడ్డీ కలిసి, 6,42,000 అయిందనుకుందాం. 105 చొప్పున వెనక్కి తెచ్చుకుంటే చేతికొచ్చేది సుమారు 6,110. వడ్డీ తిన్నాక కూడా ఐదొందల పైచిలుకు నష్టం! పైగా ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌ను ఏడాది లోపు తీస్తే వడ్డీ పైసా కూడా రాదు. ఆ డబ్బు రూపాయల్లోనే ఉండనివ్వండి. ఇండియాలో ఖర్చుపెట్టేటప్పుడు వాడుకుంటే రేటుతో పనే లేదు. నిజానికి మీ ఇండియా ప్రయాణంలో అక్కడయ్యే ఖర్చు, అంటే కార్లు, బట్టలు, పెళ్ళి చదివింపులు, వాటికి దాని గడువు తీరాక అందులోంచే తీసుకోవచ్చు. మీరు పోర్చుగల్ ఖర్చుకు రూపాయలు, విజయవాడ ఖర్చుకు యూరోలు తీద్దామనుకుంటున్నారు. సరిగ్గా తలకిందులు.

అప్పు చేసి మాత్రం వెళ్ళకండి. క్రెడిట్ యూనియన్, అంటే ఇక్కడి సహకార పొదుపు సంఘం, హాలిడే లోను సులువుగానే ఇస్తుంది. కానీ ఇక్కడ 500 యూరోలు, ఆపైన ఏ అప్పయినా సెంట్రల్ క్రెడిట్ రిజిస్టర్‌లో, అంటే బ్యాంకులు చూసే అప్పుల చిట్టాలో, కనబడుతుంది. రేపు మార్ట్‌గేజ్‌కు, అంటే ఇంటి అప్పుకు, వెళ్తే బ్యాంకు ఆరు నెలల స్టేట్‌మెంట్లు అడుగుతుంది. అందులో ప్రతి నెలా 1,500 పక్కకు వెళ్తూ కనిపించడమే మీకున్న పెద్ద బలం.

ఇక మీ వారి అభ్యంతరం. మీకింకా 14,000 కావాలి. ఏ ప్రయాణమూ లేకపోతే తొమ్మిదిన్నర నెలలు. మధ్యలో ఇండియా ట్రిప్పు పడితే పన్నెండు నెలలు దాటుతుంది. సైట్ చూపించిన 2,600 పోర్చుగల్ కూడా కలిస్తే ఇంకో ఏడెనిమిది వారాలు. కాబట్టి ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఏడాదికి మూడు నెలల పొదుపును మింగేస్తున్నది ఇంకా వెళ్ళని పోర్చుగల్ కాదు, మారుమాట లేకుండా ఏటా జరిగే డిసెంబరు ప్రయాణం. దాన్ని మానేయమని నేను అనను. అమ్మానాన్నల్ని చూడటానికి వెళ్ళడాన్ని ఖర్చుల పట్టికలో పెట్టడం నాకే ఇష్టముండదు. తేదీలు మాత్రం మార్చండి.

క్రిస్మస్‌కు ముందు వెళ్ళి జనవరి మొదటి వారంలో తిరిగి రావడమంటే, రెండు వైపులా టికెట్ మండిపోయే రోజుల్లోనే ఎక్కుతున్నారన్నమాట. జనవరి రెండో శనివారం బయల్దేరి నాలుగో ఆదివారానికి రండి. పది పనిదినాల సెలవు, నడిమధ్యలో సంక్రాంతి. నా దగ్గరికొచ్చే వాళ్ళ లెక్కల్లో ఈ ఒక్క మార్పుతో మనిషికి 300 యూరోల దాకా తగ్గడం మామూలే. ఇంకో మాట. ఆ సూట్‌కేసు నిండా చాక్లెట్లు, పెర్ఫ్యూములు, మేనమామ పిల్లలకు షూలు... అవన్నీ ఇప్పుడు విజయవాడలోనే దొరుకుతున్నాయి, ఇచ్చేవాళ్ళకు తప్ప పుచ్చుకునేవాళ్ళకు పెద్ద సరదా ఏమీ లేదు. అక్కడో 400 మిగిలితే మొత్తం వెయ్యి.

ఇప్పుడు పోర్చుగల్ దగ్గరికి వద్దాం. 2,600 అక్కర్లేదు. నేనైతే ఇలా వేస్తాను: అల్గార్వ్ ఎయిర్‌పోర్టున్న ఫారోకు ఫ్లైట్లు ఇద్దరికీ 260, అపార్ట్‌మెంట్ ఎనిమిది రాత్రులకు 500, కారు లేదా రైళ్ళూ బస్సులూ 220, తిండి 380, ఊరి పన్ను, టికెట్లు, కాఫీలు అన్నీ కలిపి 140. అంటే 1,500. చేతిలో ఇంకో 200 ఉంచుకోండి. 1,700లో ఇండియా ప్రయాణంలో మిగిలిన వెయ్యి తీసేస్తే 700. మీ ఇల్లు వెనక్కి జరిగేది రెండు వారాలు. ఈ అంకె మీ వారికి చూపించండి.

వారం ఎంచుకోవడంలో కూడా డబ్బుంది. ఫిబ్రవరి నడుమ ఐర్లండ్ స్కూళ్ళకు మిడ్‌టర్మ్ సెలవులు. ఆ వారం ఫారో టికెట్ రెండింతలైనా ఆశ్చర్యం లేదు. పిల్లల్లేని మీరు ఆ రద్దీలో పడటం దేనికి? అది దాటాక, మంగళవారమో బుధవారమో ఎక్కండి. ఎండ కోసమైనా అదే మేలు. అక్కడ నవంబరు నుంచి జనవరి దాకా వానలు ఎక్కువ, ఫిబ్రవరి చివరికి తగ్గుతాయి. బాదం చెట్లు జనవరి చివర, ఫిబ్రవరిలో పూస్తాయి. ఉత్తర దేశం నుంచి కోడలిగా వచ్చిన రాకుమారి మంచు కోసం బెంగపెట్టుకుంటే, అరబ్బు రాజు కొండల నిండా బాదం చెట్లు నాటించాడనీ, తెల్లటి పూలు చూసి ఆమె తేరుకుందనీ అక్కడ ఒక కథ చెప్తారు. మీది దానికి సరిగ్గా ఎదురు కథ.

అయితే ఎండ అనగానే బెజవాడ ఎండ ఊహించుకోకండి. మధ్యాహ్నం 16, 17 డిగ్రీలు. స్వెటర్ వేసుకుని, గోడకు ఆనుకుని కాచుకునే ఎండ. సముద్రం అట్లాంటిక్, నీళ్ళు 15, 16 డిగ్రీలు, పాదాలు తడుపుకోవడానికి తప్ప పనికిరావు. బీచ్ మీదున్న హోటల్‌కు ఎక్కువ డబ్బు పెట్టొద్దని చెప్పడానికే ఇదంతా.

డబ్బు పెట్టాల్సిన చోటు వేరే ఉంది. కొన్నేళ్ళ కిందట జనవరిలో మేమిద్దరం అల్గార్వ్‌లోనే లాగోస్ అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. ఫొటోల్లో బాల్కనీ, దాని వెనక నీలం సముద్రం, రాత్రికి 38 యూరోలు. మా ఆవిడ దగ్గర నా తెలివికి నేనే మురిసిపోయాను. రాత్రి తొమ్మిదయ్యేసరికి గచ్చు మీద కాలు పెట్టలేకపోయాం. ఇల్లంతా టైల్స్, పల్చటి అద్దాల కిటికీలు, హీటింగన్నది లేదు. వేసవి కోసం కట్టిన ఇళ్ళవి. బయటికంటే లోపలే చలి. ఓనరమ్మ ఒక చిన్న ఆయిల్ హీటర్ తెచ్చిస్తే, దాన్ని చెరో వైపునుంచి కౌగిలించుకున్నట్టు కూర్చుని, దుప్పట్లు కప్పుకుని పప్పన్నం తిన్నాం. మూడో రోజు వేరే చోటికి మారాం, కట్టిన డబ్బు వెనక్కి రాలేదు. కాబట్టి బుక్ చేసే ముందు ఓనరుకు ఒక మెసేజ్ పెట్టండి: వేడి గాలి ఇచ్చే ఏసీ పడకగదిలో కూడా ఉందా, కరెంటు బిల్లు అద్దెలోనే కలిసిందా, బాల్కనీ దక్షిణానికి ఉందా. ఈ మూడింటికీ అవునంటే రాత్రికి పదిహేను యూరోలు ఎక్కువైనా ఇవ్వండి.

ఊరి విషయంలో అల్బుఫైరా వద్దంటాను. వేసవిలో కిటకిటలాడే ఆ వీధుల్లో చలికాలం సగం షట్టర్లు దించే ఉంటాయి. లాగోస్, తవీరా, లేకపోతే ఫారో ఊరే. ఇవి మామూలు జనం బతికే ఊళ్ళు, ఏడాదంతా కాఫీ షాపులు తెరిచి ఉంటాయి. లాగోస్ నుంచి ఫారో, తవీరా మీదుగా స్పెయిన్ సరిహద్దు దాకా రైలు మార్గం ఉంది. నెమ్మదిగా పోతుంది గానీ చవక.

కారు తీసుకోవాలంటే ఒక జాగ్రత్త. చలికాలంలో అద్దె రోజుకు పది, పన్నెండు యూరోలే కనిపిస్తుంది, అసలు బేరం కౌంటర్ దగ్గర. నా డెబిట్ కార్డు చూసి అక్కడి అబ్బాయి నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. డిపాజిట్‌కు డ్రైవర్ పేరుతో క్రెడిట్ కార్డే కావాలన్నాడు, లేదంటే రోజుకు 22 యూరోల ఇన్సూరెన్స్ కొనమన్నాడు. వెనక క్యూ, పక్కన సూట్‌కేసులు. కొన్నాను. కారు అద్దెకన్నా ఇన్సూరెన్సే ఎక్కువైంది. మీరు బయల్దేరేముందే ఐర్లండ్‌లో విడిగా ఎక్సెస్ ఇన్సూరెన్స్ (కారుకు దెబ్బ తగిలితే మన చేతినుంచి పడే మొత్తానికి) తీసుకోండి, ఏడాది పాలసీయే అక్కడ మూడు రోజులకు అడిగే డబ్బుకు వస్తుంది. క్రెడిట్ కార్డు మీద వెయ్యి, పదిహేనొందలు బ్లాక్ అవుతాయి, ఆ మేరకు లిమిట్ ఖాళీగా ఉండాలి. ఒక మంచి మాట: తీరం పొడవునా పోయే ఏ22 హైవే మీద టోల్ 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. పాత సలహాలు చదివి టోల్ పరికరం అద్దెకు తీసుకోవద్దు.

చూడాల్సినవాటిలో మంచివన్నీ ఉచితం. లాగోస్ దగ్గర పొంతా ద పియెదాదె రాతి కొండల మీద నడక, మరీన్యా బీచ్ నుంచి కొండ అంచున ఆరు కిలోమీటర్ల దారి, యూరప్ ప్రధాన భూభాగానికి నైరుతి కొస అయిన కాబో ద సావ్ విసెంత్ దగ్గర సూర్యాస్తమయం. బెనాజిల్ అనే సముద్రపు గుహ చూపించే పడవలకు ముందే డబ్బు కట్టకండి. ఫిబ్రవరిలో కెరటాలు ఏ రోజు ఎలా ఉంటాయో తెలియదు, పైగా 2024 నుంచి గుహలో దిగనివ్వడం లేదు.

తిండి దగ్గర, కూర్చోగానే అడక్కుండానే బ్రెడ్డు, ఆలివ్‌లు, చీజ్ తెచ్చి పెడతారు. అది మర్యాద కాదు, బిల్లులో వస్తుంది. వద్దంటే తీసుకెళ్ళిపోతారు, వాళ్ళేమీ అనుకోరు. మధ్యాహ్నం "ప్రాతు దు దీయ" అని రాసున్న బోర్డు చూసి వెళ్ళండి, ఆ రోజు భోజనం అని అర్థం. రాత్రికి ఇంట్లో వండుకోండి. బియ్యం ఎక్కడైనా దొరుకుతుంది, పోర్చుగీసువాళ్ళు మనలాగే అన్నం మనుషులు. సిల్వెష్ అనే ఊరి వైపు వెళ్తే రోడ్డు పక్కన వలసంచుల్లో నారింజలు అమ్ముతారు. ఆ పండు తిన్నాక డబ్లిన్ సూపర్‌మార్కెట్ నారింజ మీద మనసు పోదు. కార్డు మెషీన్ "యూరోలా, రూపాయలా" అని అడిగితే, ఇండియా కార్డు వాడుతున్నా సరే, యూరోలే నొక్కండి.

మీ వీసా. ఆయన ఐరిష్ పౌరుడు, మీరు ఆయన భార్య, ఇద్దరూ కలిసి వెళ్తున్నారు. కాబట్టి ఈయూ పౌరుల కుటుంబ సభ్యుల కోవలో దరఖాస్తు చేయండి, మామూలు టూరిస్టు కోవలో కాదు. అప్పుడు 90 యూరోల ఫీజు ఉండదు, త్వరగా తేల్చాలని కూడా నిబంధన. పెళ్ళి సర్టిఫికెట్ మాత్రం గట్టిది కావాలి. అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ, అడిగే అవకాశం ఉంది, ఆ పని ఇండియాలో జరగాలి కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టించండి. మీ ఐఆర్‌పీ కార్డు (ఐర్లండ్ నివాస అనుమతి) గడువు కూడా చూసుకోండి. దానితోపాటు ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ హెచ్‌ఎస్‌ఈ నుంచి ఇద్దరూ యూరోపియన్ హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు తెప్పించుకోండి, ఉచితం. అక్కడి ప్రభుత్వ ఆస్పత్రుల్లో పనికొస్తుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ వేరే తీసుకోవాల్సిందే, కానీ చిన్నది సరిపోతుంది.

వరుస కూడా ముఖ్యం. ముందు సర్టిఫికెట్ పని, తర్వాత క్యాన్సిల్ చేసుకోగలిగిన అపార్ట్‌మెంట్, వీసా స్టాంపు పడ్డాకే ఫ్లైట్. టికెట్ ముప్ఫై యూరోలు పెరిగినా ఫర్వాలేదు. 1,700లో మీ చేతినుంచి పడాల్సిన 700 కోసం ఇల్లు పొదుపు ఖాతాను ముట్టుకోకుండా విడిగా ఇంకో చిన్న ఖాతా తెరిచి, నెలకు కొంత వేస్తూ పోండి. స్టేట్‌మెంట్‌లో 1,500 మాత్రం ఏ నెలా తగ్గకూడదు.

అత్తగారి సంగతి నా వృత్తిలోకి రాదు గానీ, అడిగారు కాబట్టి చెప్తున్నా. ఈ వారం ఫోన్ చేసినప్పుడు పోర్చుగల్ ఊసు ఎత్తకండి. ఈసారి సంక్రాంతికి వస్తున్నామని చెప్పండి. అరిసెల పాకం గురించి ఆవిడ అరగంట మాట్లాడతారు.