నలభై పాటల మొదళ్లు వచ్చు, ఒక్క పాటా చివరిదాకా రాదు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఏడాదిగా యూట్యూబ్ చూసి అకౌస్టిక్ గిటార్ నేర్చుకుంటున్నాడు. ఏ పాటైనా మొదలుపెడతాడు, ఎఫ్ కార్డ్ (ఒక వేలిని తీగలన్నిటి మీదా అడ్డంగా పెట్టి పట్టే స్వరాల గుంపు) రాగానే ఆగిపోతాడు. క్లాసులో చేర్పించాలా? ట్రినిటీ (లండన్ సంస్థ) పెట్టే సంగీత గ్రేడ్ పరీక్ష రాయించాలా? – ఒక తల్లి, కాకినాడ

జవాబు: ముందు గిటార్‌ని అనుమానించండమ్మా, తర్వాతే అబ్బాయిని. 12వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డకమ్మీ) పైన లావు తీగ ఎంత ఎత్తులో ఉందో స్కేలు పెట్టి చూడండి. 2.5 మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదు, 3 దాటితే వేళ్లకు శిక్షే. ఇంకో పరీక్ష: మొదటి ఫ్రెట్‌కి కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే క్లిప్పు) బిగించి, ఎఫ్ ఆకారాన్నే ఒక ఫ్రెట్ ముందుకు జరిపి పట్టమనండి. ఉన్నట్టుండి సులువైపోతే నట్ (మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీ) మీద తీగలు కూర్చునే గాళ్లు ఎత్తుగా ఉన్నట్టు. గిటార్లు బాగుచేసే మనిషికిస్తే గాళ్లు అరగదీసి సరిచేస్తాడు.

గిటార్ బాగుంటే లోపం పట్టులో ఉంది. ఎఫ్ కార్డ్‌లో చూపుడువేలు ఆరు తీగల మీదా పడుకుంటుంది గానీ, నిజంగా నొక్కాల్సింది మూడింటినే: ఆరోది (అన్నిటికంటే లావుది), రెండోది, ఒకటోది (అన్నిటికంటే సన్నది). మిగతా మూడూ వేరే వేళ్ల పని. ఇది తెలియక పిల్లలు బొటనవేలు నొప్పెట్టేదాకా పిండుతారు. వేలిని కాస్త పక్కకి దొర్లించి, ఫ్రెట్ కమ్మీకి ఆనుకునేలా పెట్టి, ఒక్కో తీగా విడిగా మీటి వినమనండి. మోగని తీగ చాలాసార్లు వేలి కణుపు మడత కింద దొరుకుతుంది.

ఇక లక్ష్యం. 'గిటార్ బాగా వాయించాలి' అన్నది కోరిక, దాన్ని కొలవలేం. మూడు నెలల్లో రెండు పాటలు, ఆగకుండా, మెట్రొనోమ్‌తో (టిక్ టిక్‌మని తాళం చూపే యాప్), ఫోన్‌లో రికార్డు చేసి మీకు వినిపించాలి. అంతే. రోజుకి 25 నిమిషాలు చాలు, ఇంటర్ పరీక్షలు ఎటూ ఉన్నాయి. 5 నిమిషాలు సి నుంచి ఎఫ్‌కి మారడం, 10 నిమిషాలు చిక్కుపడే చోటు మాత్రమే, మిగతా 10 తప్పులొచ్చినా ఆపకుండా పాట మొత్తం. మెట్రొనోమ్ వేగం నిమిషానికి 60 దెబ్బల దగ్గర మొదలుపెట్టాలి. వరుసగా మూడుసార్లు శుభ్రంగా వస్తేనే 5 పెంచాలి. అందరూ జారేది ఇక్కడే: వచ్చిన చోట వేగంగా, రాని చోట నెమ్మదిగా లాగిస్తారు, చెవి దానికే అలవాటుపడిపోతుంది.

యూట్యూబ్ మాన్పించకండి. ఏం వాయించాలో అది చక్కగా చెబుతుంది, కానీ వాడి మణికట్టు దానికి కనబడదు. అందుకని నెలకి రెండుసార్లు గురువు చూస్తే చాలు. ఆన్‌లైన్ క్లాసైతే ఎడమచేయి స్పష్టంగా కనబడేలా కెమెరా పెట్టాలి. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి వాయించడం అందులో కుదరదు, అదొక్కటీ లోటు.

గ్రేడ్ పరీక్ష ఈ ఏడాది వద్దంటాను. ట్రినిటీ రాక్ అండ్ పాప్ పరీక్షలో మూడు పాటలూ, సెషన్ స్కిల్స్ (అప్పటికప్పుడు ఇచ్చింది వాయించడం) అనే భాగమూ ఉంటాయి. 100కి 60 వస్తే పాస్. బ్యాకింగ్ ట్రాక్ (ముందే రికార్డు చేసిన మిగతా వాద్యాలు) మీద వాయించాలి, ఆగితే ట్రాక్ మనకోసం ఆగదు. మీ అబ్బాయి చిక్కు సరిగ్గా అదే కాబట్టి, ఆ రెండు పాటలూ వచ్చాక ఫీజు కట్టండి. దీన్నే వృత్తిగా తీసుకోవాలనుకున్నా, స్టూడియోలో క్లిక్ ట్రాక్ (హెడ్‌ఫోన్‌లో వినిపించే తాళం టిక్కులు) వింటూ తాళం తప్పకుండా వాయించగలడా అన్నదే ముందు చూస్తారు, సర్టిఫికెట్ ఆ తర్వాతి మాట.