నీ ఇంటి అడ్రసే నీ సిఫార్సు

చిన్నీ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. హెచ్-4 (ఉద్యోగ వీసా మీదున్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద పనిచేసుకునే అనుమతి కార్డు, అదే ఈఏడీ, రెన్యువల్‌కి పెట్టి నెలలు గడిచినా కదలిక లేదు, పాత కార్డు గడువేమో ముంచుకొస్తోంది. "ఇక్కడ మనకెవరు తెలుసు పెదనాన్నా" అన్నావు చూడు, ఆ మాటకే ఈ ఉత్తరం. ఎవరూ తెలియక్కర్లేదమ్మా. మీ కాంగ్రెస్‌మన్ (మన ఎంపీ లాంటివాడు) ఆఫీసుని అడుగు.

మీ జార్జియా రాష్ట్రంలో 14 కాంగ్రెస్ డిస్ట్రిక్టులు, మన పార్లమెంటు నియోజకవర్గాల్లాంటివి. 2020 జనాభా లెక్కల మీద గీసినవి, ఒక్కోదాంట్లో సుమారు 7 లక్షల 65 వేల మంది. ఆ లెక్కల్లో వీసా మీద ఉంటున్నవాళ్ళనీ కలుపుతారు. సాయం అడగడానికీ అంతే, ఆ డిస్ట్రిక్టులో కాపురం ఉంటే చాలు. ఓటు లేదు కదా అని వెనకాడకు.

ముందు మీది ఏ డిస్ట్రిక్టో నువ్వే చూసుకో. ఫ్రెండ్స్ చెప్పిన నంబరు నమ్మొద్దు. మీ కమ్మింగ్ ఊరు 2022 దాకా 7లో ఉండేది, 2023 జనవరిలో 6లోకి వెళ్ళింది, 2025 జనవరిలో మళ్ళీ 7కి వచ్చింది. ఇళ్ళు అక్కడే ఉన్నాయి, గీతలే జరిగాయి. 2023 అక్టోబరులో ఫెడరల్ జడ్జి స్టీవ్ జోన్స్, పాత పటం నల్లజాతి ఓటర్ల బలాన్ని తగ్గిస్తోందని తీర్పిచ్చారు. డిసెంబరుకల్లా రాష్ట్ర శాసనసభ కొత్త పటం గీసింది. దాంతో 6కి ప్రతినిధిగా ఉన్న రిచ్ మెకార్మిక్ 7కి, 7కి ప్రతినిధిగా ఉన్న లూసీ మెక్‌బాత్ 6కి మారారు. ఇప్పుడు మీకు మెకార్మిక్. ప్రతినిధుల సభ (హౌస్) వెబ్‌సైట్లో జిప్ కోడ్ ఒక్కటే కొడితే ఒక్కోసారి ఇద్దరి పేర్లు వస్తాయి, డోర్ నంబరుతో సహా కొట్టు. ఒకప్పుడు నేను అర్జీని పాత డిస్ట్రిక్టు ఆఫీసుకి పంపి మూడు వారాలు పోగొట్టుకున్నాను. పెద్దమ్మ పాస్‌పోర్టు విషయంలో అది. ఆ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

వాషింగ్టన్‌కి కాదు, ఇక్కడి డిస్ట్రిక్ట్ ఆఫీసుకి ఫోన్ చెయ్యి. కేస్‌వర్కర్, అంటే ఇలాంటి అర్జీలు చూసే ఉద్యోగి, కావాలని అడుగు. వాళ్ళు ముందుగా ప్రైవసీ రిలీజ్ ఫారం, అంటే నీ వివరాలు వాళ్ళకి చెప్పొచ్చనే అనుమతి పత్రం, ఇస్తారు. నీ అనుమతి లేకుండా ఇమ్మిగ్రేషన్ శాఖ (యూఎస్‌సీఐఎస్) నీ ఫైలు వివరాలు వాళ్ళకి చెప్పదు. అప్లికేషన్ నీ పేరు మీద ఉంది కాబట్టి సంతకం నీదే కావాలి. అల్లుడు తొందరలో తను పెట్టేస్తాడేమో, చూసుకో.

ఆ ఆఫీసుకి రాసే ఉత్తరం ఒక్క పేజీ దాటొద్దు. ఎప్పుడు అప్లై చేశావు, కార్డు గడువు ఎప్పుడు, గడువు దాటితే ఏం నష్టం, అంతే. ఉద్యోగం ఆపాల్సి వస్తుందని కంపెనీ చేత ఒక లెటర్ రాయించుకుని జతచెయ్యి. అన్నిటికన్నా గట్టి కాగితం అదే. మన బాధంతా చెప్పుకోవాలనిపిస్తుంది, నిజమే. కానీ ఆ కేస్‌వర్కర్ బల్ల మీద నీలాంటి ఫైళ్ళు బోలెడు ఉంటాయి, తేదీలు కనబడితేనే ఆమె చెయ్యి కదులుతుంది.

వాళ్ళు అప్రూవల్ ఇప్పించలేరు. ఫైలు ఎక్కడ ఆగిందో యూఎస్‌సీఐఎస్‌ని అడిగి జవాబు రాబట్టగలరు, త్వరగా చూడమని నీ తరఫున అడగగలరు. మీ రాష్ట్రం నుంచి ఎగువ సభలో ఉన్న సెనేటర్లు ఆసాఫ్, వార్నాక్ ఆఫీసులు కూడా ఈ పని చేస్తాయి. కానీ ముగ్గురికీ ఒకేసారి పంపకు, ఒకే ప్రశ్న మూడుసార్లు వెళ్తే గందరగోళమే.

ఇంకొక్కటి, దీనికి సంబంధం లేకపోయినా చెప్పాలి. డ్రైవింగ్ లైసెన్స్ దగ్గర ఓటరు నమోదు ప్రశ్న వస్తే "సిటిజన్" అన్నచోట పొరపాటున కూడా టిక్ పెట్టొద్దు. రేపు గ్రీన్‌కార్డుకే అడ్డం పడుతుంది.

ఫారం నింపి పంపేముందు నాకు ఫోన్ చెయ్యి. నీ అప్లికేషన్‌కి ఇచ్చిన రిసీట్ నంబర్లో మూడు అక్షరాలు, పది అంకెలు ఉంటాయి. నువ్వు చదువు, నేను రాసుకుంటాను, ఇద్దరం కలిసి సరిచూద్దాం. రాత్రి ఎంతసేపైనా మెలకువగానే ఉంటాను.

మీ పెదనాన్న