తాళంచెవి ఎవరి చేతికిస్తారు?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. 38 ఏళ్ల మా తమ్ముడికి పదహారేళ్లుగా స్కిజోఫ్రేనియా ఉంది. అమ్మ ఉన్నంతకాలం తనే చూసుకుంది. పోయేముందు వాణ్ణి నా చేతుల్లో పెట్టింది. రెండేళ్లుగా మా ఇంట్లోనే ఉంటున్నాడు. రాత్రిళ్లు నిద్ర ఉండదు, మాత్రల దగ్గర రోజూ గొడవే, చదువుకోవడానికి మా అమ్మాయి స్నేహితురాలి ఇంటికి వెళ్లిపోతోంది. కిందటేడు వాడు చెప్పకుండా వెళ్లిపోయి మూడు వారాలు రోడ్ల మీద గడిపాడు. అప్పుడు చేరదీసిన స్వచ్ఛంద సంస్థవారు ఇప్పుడు ఒక గది ఇస్తామని, రోజూ మనిషిని పంపి కనిపెట్టుకుని ఉంటామని అంటున్నారు. బాబాయి మాత్రం 'తోడబుట్టినవాణ్ణి ఆశ్రమంలో పడేస్తావా' అని నిలదీశారు. మావారు ఏమీ మాట్లాడరు. నన్ను సంతకం పెట్టమన్న కాగితాలు బీరువాలో అలాగే ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మీ అమ్మగారి మాట ఉంది, మీ బాబాయిగారి మాట ఉంది, మీ భర్త మౌనం కూడా ఉంది. ఈ గది గురించి మీ తమ్ముడు ఏమన్నాడన్నది మాత్రం ఎక్కడా లేదు. బహుశా అతన్ని ఇంకా ఎవరూ అడిగి ఉండరు. ఇది మీ తప్పని అనడం లేదు. పదహారేళ్లుగా జబ్బు మనిషిగానే చూస్తూ వచ్చినవాణ్ణి అడగవలసిన మనిషిగా చూడడం ఏ కుటుంబానికైనా కష్టమే. అయితే 38 ఏళ్ల వ్యక్తి ఉండబోయే గదికి సంతకం మిమ్మల్ని ఎందుకు అడిగారో సంస్థవారిని మొదట కనుక్కోండి. మీరు సాక్షిగానో, అత్యవసర సమయంలో కబురు చేయవలసిన బంధువుగానో పెట్టే సంతకమైతే ఇబ్బంది లేదు. ఒప్పందమే మీ పేరు మీద ఉండి, అందులో అతని పేరు 'చేర్చబడిన వ్యక్తి'గా మాత్రమే కనిపిస్తే ఆ కాగితాలను మరికొంతకాలం బీరువాలోనే ఉంచండి.

మీ బాబాయిగారు వాడిన 'ఆశ్రమం' అనే మాట మిమ్మల్ని గాయపరిచింది కాబట్టి దాని సంగతి చూద్దాం. దిక్కులేనివారికి రాత్రిపూట తలదాచుకునేందుకు ఇచ్చే ఆశ్రయం ఒకటి. లేచే వేళ, పడుకునే వేళ ఎవరో నిర్ణయించే సంరక్షణ గృహం మరొకటి. ఈ రెండూ కాక, ఉండేవారికి సొంత గది, సొంత తాళం, తన పేరు మీద ఒప్పందం ఉండి, వైద్యం, డబ్బు లెక్కలు, ఇంటి పనుల విషయంలో సహాయ కార్యకర్త వచ్చి తోడ్పడే ఏర్పాటు మూడోది. మీకు చెప్పినది ఈ మూడో రకంలా కనిపిస్తోంది. కానీ మూడో రకం పేరు చెప్పి రెండో రకాన్ని నడిపేవారు కూడా ఉంటారు కనుక, పేరును కాకుండా ఏర్పాటును చూసి తేల్చుకోవాలి.

'ముందు ఇల్లు, తర్వాత మిగతావి' అనే పద్ధతిని శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త 1992లో న్యూయార్క్‌లో ప్రారంభించారు. అంతవరకు మందులు వేసుకుంటేనే, తాగుడు మానేస్తేనే ఇల్లిస్తామనేవారు. ఆయన ఆ షరతులు తీసేశారు. ఫిన్లాండ్ 2008 నుంచి ఇదే దారిని జాతీయ విధానంగా పాటిస్తోంది. 2009 నుంచి 2013 వరకు కెనడాలోని ఐదు నగరాల్లో, ఇల్లు లేక మానసిక వ్యాధితో ఉన్న సుమారు రెండు వేల మందితో జరిగిన పెద్ద అధ్యయనంలో, ఈ పద్ధతిలో ఇల్లు పొందినవారు మామూలు సేవలు అందుకున్నవారికంటే చాలా ఎక్కువ కాలం ఇంట్లో నిలదొక్కుకున్నారు. అయితే జబ్బు లక్షణాలు తగ్గడంలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ రెండో సంగతి మీకు ముఖ్యం. అతనికి గది దొరికినంత మాత్రాన జబ్బు లక్షణాలు ఆగిపోతాయని ఎవరైనా ఆశపెడితే నమ్మకండి. ఇల్లు నిలబెడుతుంది, వైద్యం చేసే పని వైద్యానిదే.

ఇక మీ అపరాధభావం. జార్జ్ బ్రౌన్ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1958లో ప్రచురించిన ఒక పరిశీలనలో ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. మానసిక వైద్యశాలల నుంచి ఇంటికి పంపిన పురుషుల్లో తల్లిదండ్రుల దగ్గరకో, భార్య దగ్గరకో, పెద్ద వసతిగృహాలకో వెళ్లినవారికంటే, అద్దె గదుల్లో ఉన్నవారు, తోబుట్టువుల దగ్గర ఉన్నవారు నిలకడగా ఉన్నారు. తర్వాతి పరిశోధనలు దీనికి కారణాలు వెతికాయి. నిరంతర విమర్శ, కోపం, ఊపిరాడనివ్వనంతటి పట్టింపు ఉన్న ఇంట్లో, వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపే రోగులకు, అందులోనూ మందులు వాడనివారికి, జబ్బు తిరగబెట్టడం ఎక్కువని 1976లో వాన్, లెఫ్ అనే పరిశోధకులు చూపించారు. కుటుంబాన్ని దోషిగా నిలబెట్టడానికి దీన్ని వాడకూడదు, కొందరు వైద్యులు అలా వాడడం నాకు నచ్చదు. అలసిపోయిన మనిషి విసుక్కోకుండా ఎలా ఉంటుంది?

తోబుట్టువుల దగ్గర ఉన్నవారు బాగున్నారు కదా, మరి గది ఎందుకని మీరు అడగవచ్చు. రెండేళ్లుగా మీరు అతనికి అక్కగా లేరు. మాత్రలు లెక్కపెట్టే నర్సుగా, తలుపు దగ్గర కాపలాగా, అమ్మగారి స్థానంలో ఉండిపోయారు. మాత్రల గొడవ మరొకరి చేతికి వెళితే, అతనితో కూర్చుని చిన్ననాటి సంగతి ఏదైనా మాట్లాడుకునే గంట మీకు మళ్లీ దొరుకుతుంది. అమ్మగారు మీ చేతుల్లో పెట్టింది తమ్ముణ్ణి. ఫలానా గోడల మధ్యే ఉంచమని చెప్పినట్టు మీరు రాయలేదు.

కాబట్టి నా మొగ్గు ఆ గది వైపే ఉంది, కానీ కొన్ని సంగతులు తేలాకే. జబ్బు ముదిరి అతను నెల రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వస్తే గది అతని పేరు మీదే ఉంటుందా, వేరొకరికి ఇచ్చేస్తారా? మందులు మానేస్తే గది పోతుందా? అర్ధరాత్రి ఏదైనా జరిగితే ఫోన్ ఎత్తేది ఎవరు, వచ్చేది ఎవరు, ఎంతసేపట్లో? వచ్చే కార్యకర్త ఒక్కరే ఎంతమందిని చూసుకుంటున్నారు? అతని డబ్బు, గుర్తింపు పత్రాలు ఎవరి దగ్గర ఉంటాయి? సంస్థ మీదే ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలి? వారికి నిధులు ఎప్పటివరకు ఉన్నాయన్నది కూడా మొహమాటపడకుండా అడగండి, విరాళాలు ఆగి మూతపడితే మళ్లీ రోడ్డున పడేది మీరు కాదు, అతను. మంచి సంస్థ ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు. వీలైతే అక్కడే ఉంటున్నవారిలో ఒకరితో, సిబ్బంది దగ్గర లేనప్పుడు, మాట్లాడండి. మీకు ఏ సమయంలో రావచ్చో చెప్పేవారికంటే, అతను రమ్మంటే ఎప్పుడైనా రావచ్చని చెప్పేవారిని నేను ఎక్కువగా నమ్ముతాను.

మీ బాబాయిగారితో వాదించవద్దు. వారానికి రెండు రాత్రులు తమ్ముడి దగ్గర ఉండగలరేమో అడగండి. వస్తే మేలు, రాకపోతే ఆ విషయం అక్కడితో ఆగుతుంది. మీ భర్త మౌనాన్ని మాత్రం అలా వదిలేయకండి. నిర్ణయం ఎటు పోయినా నింద మీ ఒక్కరి మీద పడేలా ఉంది, అది న్యాయం కాదని ఆయనతో స్పష్టంగా చెప్పండి.

తమ్ముడితో మాట్లాడేటప్పుడు అతను స్థిమితంగా ఉన్న పూట చూసుకోండి. 'నిన్ను పంపిస్తున్నాం' అనకుండా, ఒక గది ఉందని, చూసి వద్దామని చెప్పండి. అక్కడ అతనికి భయం కలిగించేది ఏమిటో, నచ్చినది ఏమిటో అడిగి, వచ్చిన సమాధానం వింతగా ఉన్నా కొట్టిపారేయకండి. మొదట రెండు రాత్రులు, తర్వాత వారం రోజులు ఉండి వచ్చే వీలు కల్పించమని సంస్థను అడగండి. మీ ఇంట్లో అతని మంచం, బట్టలు కొన్నాళ్లు కదపకండి. చేరిన తర్వాత మొదటి నెలల్లో ఒంటరితనం ఎక్కువగా బాధిస్తుంది, మీరు వెళ్లే రోజును ముందే చెప్పి, ఆ రోజు తప్పకుండా వెళ్లండి. ఆరోగ్యం దిగజారుతున్నట్టు అనిపిస్తే అతని మానసిక వైద్యుడికి వెంటనే తెలియజేయండి.

అతను వద్దంటే బలవంతపెట్టి పంపకండి. ఆ గదిని కొన్ని వారాలు ఆపగలరేమో, ఈలోగా అదే కార్యకర్త మీ ఇంటికే వచ్చి మందుల పని చూడగలరేమో సంస్థను అడగండి. చాలా సంస్థలు ఇలాంటి సాయం చేస్తాయి, అడిగేవారే తక్కువ. అతను ఏమన్నాడో తెలిశాక నాకు మళ్లీ రాయండి.