కాంటాక్ట్ లెన్స్‌ను ఫిల్టర్ నీళ్లతో కడగొచ్చా?

కడగకూడదు, బోరు నీళ్లయినా, భగీరథ నల్లా నీళ్లయినా, క్యాన్ నీళ్లయినా లెన్స్‌కు అసలు తగలకూడదు.

నీళ్లలో, మట్టిలో అకాంతమీబా అనే ఏకకణ జీవి ఉంటుంది. తాగితే మామూలుగా ఏమీ కాదు. లెన్స్‌కు అంటుకుని కంట్లో చేరితే మాత్రం నల్లగుడ్డు మీది పారదర్శక పొర అయిన కార్నియాను తినేస్తుంది. ఈ ఇన్‌ఫెక్షన్ అరుదే. కానీ వస్తే వైద్యం నెలల తరబడి సాగుతుంది, చూపు పోయే ప్రమాదమూ ఉంది. నల్లా నీళ్లలో కలిపే క్లోరిన్‌కు ఇది చావదు.

మిర్యాలగూడలో పెళ్లికి వెళ్లిన అమ్మాయి లెన్స్ డబ్బా మరిచిపోయి, రాత్రి లెన్స్‌లను గ్లాసు నీళ్లలో వేసిందనుకోండి. పొద్దున వాటిని పారేసి కళ్లద్దాలు పెట్టుకోవాల్సిందే. ఖరీదైనవని చూడొద్దు.

నల్లగొండ వైపు ఫ్లోరైడ్ భయంతో ఆర్వో నీళ్లు తాగే ఇళ్లు చాలా. అవి అంత శుభ్రమైతే లెన్స్‌కు ఎందుకు పనికిరావని అడుగుతారు. ఆర్వో ఫ్లోరైడ్‌ను తగ్గిస్తుంది. ఆ తర్వాత ట్యాంకులో, క్యాన్‌లో చేరే సూక్ష్మజీవులను ఆపలేదు. సెలైన్ అనే శుద్ధమైన ఉప్పు ద్రావణం కూడా కడగడానికే, క్రిములను చంపదు. అందుకు లెన్స్‌లను కడిగి క్రిములనూ చంపే మల్టీపర్పస్ సొల్యూషన్ వంటిదే కావాలి, అదీ రోజూ కొత్తగా పోయాలి. పవర్ లేని రంగు లెన్స్‌లకూ ఇదే వర్తిస్తుంది.