అమ్మకి రాని ఏడుపు సీరియల్ కోడలికి వచ్చింది

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. మావారు ఈమధ్యే రిటైరయ్యారు, అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. ఐదేళ్లుగా రాత్రి ఏడున్నరకి ఒక సీరియల్ చూస్తున్నాను. అందులో పెద్దకోడలి పాత్రని పోయిన నెల చంపేశారు. ఆసుపత్రి మంచం మీద, పక్కన ఎవరూ లేకుండా పోతుంది. ఆరోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. రాత్రిళ్లు ఫోన్‌లో ఆ సీన్లే వెతుక్కుని చూస్తున్నాను. మావారు "దినం కూడా చేద్దామా, వంటవాళ్లని పిలవనా?" అని వేళాకోళం చేస్తున్నారు. దానికి నేనేమీ అనుకోను. కానీ రెండేళ్ల కిందట మా అమ్మ విజయవాడలో ఆసుపత్రిలో పోయింది. నేను మందులకని కిందకి దిగి వచ్చేసరికి అయిపోయింది. అప్పుడు కూడా ఇంతలా ఏడవలేదు. నేనంత రాతిగుండె మనిషినా? లేక నాకు పిచ్చి పడుతోందా?
– ఓ గృహిణి, గుంటూరు

జవాబు: రెండూ కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది కాస్త కుదురుగా చదువుతారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సీరియల్ గొడవే అనుకున్నాను. రెండోసారి "మందులకని కిందకి దిగి" అన్న దగ్గర ఆగిపోయాను. దాని సంగతికి తర్వాత వస్తాను.

ముందు మీవారి వేళాకోళం. మీ గుంటూరు, తెనాలి వైపు పెద్దవాళ్లని ఎవరినైనా అడగండి, హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను వస్తే జనం ఎలా ఉండేవారో చెబుతారు. మీ జిల్లా కవి జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కూడా అందులో కలిపి పాడేవారు. చివరికి హరిశ్చంద్రుడికి అన్నీ తిరిగొస్తాయని పందిట్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. పాము కరిచి పడున్న లోహితాస్యుడు పక్కవీధి పిల్లాడేననీ తెలుసు. అయినా కొంగులు తడిసేవి. పైగా వన్స్‌మోర్ అని అదే పద్యం మళ్లీ పాడించుకుని మళ్లీ ఏడ్చేవారు. మీరు రాత్రిళ్లు ఫోన్‌లో చేస్తున్నది ఆ వన్స్‌మోరే. హీరో చచ్చిపోతే సినిమా ఆడదని మన నిర్మాతలు భయపడేదీ ఇందుకే. మీవారికీ వయసులో ఉన్నప్పుడు అలాంటి హీరో ఒకడు ఉండే ఉంటాడు. అడిగి చూడండి. ఒప్పుకోరనుకోండి.

ఇక మీ పెద్దకోడలు. వారానికి ఆరు రోజుల చొప్పున ఐదేళ్లంటే దాదాపు 1500 ఎపిసోడ్లు. ప్రకటనలు తీసేసి ఒక్కోదానికి 20 నిమిషాలే వేసుకున్నా 500 గంటలు. ఈ ఐదేళ్లలో మీ సొంత తోబుట్టువులతో అంతసేపు కూర్చుని మాట్లాడారా? రోజూ ఒకే వేళకి అదే మొహం, అదే గొంతు ఇంట్లోకి వస్తుంటే మనసు దాన్ని మనవాళ్లలోనే కలిపేసుకుంటుంది. ఇది తెర, అది గుమ్మం అని రెండు లెక్కలు రాసుకోదు. టీవీ ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనే, 1956లో, డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అని ఇద్దరు అమెరికన్లు దీని గురించి రాసి పారాసోషల్ అని పేరు పెట్టారు. ఒకవైపు నుంచే నడిచే చుట్టరికం అన్నమాట.

చుట్టరికమే కాదు, అంతకంటే దగ్గర. ఆ అమ్మాయి వంటింట్లో ఒక్కతే నిలబడి కళ్లు తుడుచుకుంటే అత్తకి తెలియదు, మొగుడికి తెలియదు. మీకు తెలుసు. పక్కింటావిడ మనసులో ఏముందో మనకి ఎన్నేళ్లకీ తెలియదు గానీ, ఈ పిల్ల మనసులో ఉన్నదంతా కెమెరా తీసుకొచ్చి మీ ముందు పెట్టింది. ఆమె తరఫున ఐదేళ్లు మీరొక్కరే సాక్షి. బదులుగా ఆమె మిమ్మల్ని ఏమీ అడగలేదు. కాఫీ అడగలేదు, చీరలో వంక పెట్టలేదు, అబ్బాయికి సంబంధాలు చూస్తున్నారా అని అడగలేదు. అలాంటి మనిషి మీద మమకారం పెరగకపోతేనే ఆశ్చర్యపోవాలి.

అమెరికాలో 'ఫ్రెండ్స్' అని పదేళ్లు నడిచిన సీరియల్ ఒకటుంది, 2004లో అయిపోయింది. అది ముగిశాక ఇజ్రాయెల్లో కాలేజీ పిల్లలని అడిగి చూశారు. ఆ పాత్రలతో ఎంత దగ్గరితనం ఉన్నవాళ్లకి అంత బాధ కలిగింది. ఒంటరితనం ఎక్కువున్నవాళ్లకి ఇంకా ఎక్కువ. అబ్బాయి వెళ్లిపోయాక మీ ఇంట్లో రాత్రి ఏడున్నర ఎలా ఉంటుందో మీరు రాయలేదు. ఊహించగలను.

ఇప్పుడు అమ్మ గురించి.

తల్లి పోయిన ఇంట్లో కూతురికి ఏడవడానికి తీరిక ఎక్కడుంటుంది? ఆసుపత్రి బిల్లు కట్టాలి. అంబులెన్స్ మాట్లాడాలి. ఫోన్లు చెయ్యాలి. వచ్చినవాళ్లకి పడక చూడాలి, షుగరున్నవాళ్లకి వేరే టీ పెట్టాలి. పదకొండో రోజు దాటేదాకా ఎవరో ఒకరు "ఏమమ్మా, అది ఎక్కడుంది?" అని అడుగుతూనే ఉంటారు. అందరూ వెళ్లిపోయాక ఏడుద్దామంటే ఆ ఏడుపు పిలిస్తే రాదు. పైగా "ఆ టైముకి నేను పక్కన లేను" అన్నది ఎవరితోనూ అనకుండా లోపల పెట్టేసుకుని ఉంటారు.

కథలో చావుకి మనకి పనులుండవు. మన ఆలంకారికుల్లో భట్టనాయకుడు సాధారణీకరణం అని ఒక మాట వాడాడు. రంగస్థలం మీది దుఃఖం నాది అనీ అనిపించదు, పరాయిది అనీ అనిపించదు, అందుకే దానికి తలుపు తీస్తాం అని స్థూలంగా దాని అర్థం. మీరు పెద్దకోడలి కోసం తలుపు తీశారు. ఆమె వెనకే మీ అమ్మగారు కూడా లోపలికి వచ్చారని నా అనుమానం. ఆసుపత్రి మంచం, పక్కన ఎవరూ లేకపోవడం: ఆ సీను రాసినవాళ్లకి మీ సంగతి తెలియదు, మీ మనసుకి తెలుసు. నా అంచనా తప్పూ కావచ్చు. చదివి మీకేమనిపిస్తే అదే నిజం.

ఏం చెయ్యాలంటారా? ఏడుపు ఆపుకోమని చెప్పను. కానీ అర్ధరాత్రి ఫోన్‌లో చూడటం ఆపండి. ఆ టైములో చూస్తే ఏడుపు తేలికపడదు, నిద్ర పాడవుతుంది. చూడాలనిపిస్తే పగలు, హాల్లో, టీవీలో చూడండి. ఏడున్నరకి వెంటనే ఇంకో సీరియల్ మొదలుపెట్టొద్దు, ఒక నెల ఆ అరగంటని ఖాళీగా ఉంచండి. ఆ పాత్ర వేసిన నటికి మెసేజ్‌లు పెట్టాలనిపిస్తే మానుకోండి. ఆవిడ ఈపాటికి హైదరాబాద్‌లో ఇంకో ఇంటి కోడలిగా షూటింగ్‌లో ఉండి ఉంటుంది. మీకు కావలసిన మనిషి ఆవిడ కాదు.

నెల దాటింది కాబట్టి ఒకసారి డాక్టరుకి చూపించుకుని థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించుకోండి. ఈ వయసులో అన్నం సయించకపోవడాన్ని అంతా మనసు మీదకి తోసెయ్యకూడదు. ఇంకో రెండు వారాలకీ నిద్ర, తిండి దారికి రాకపోయినా, బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు, 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్లది, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు.

మీవారితో ఒకసారి కూర్చోండి. సీరియల్ గురించి కాదు. ఆ రోజు ఆసుపత్రిలో ఏ మందు రాశారు, మెట్లు దిగారా లిఫ్టులో వెళ్లారా, షాపు దగ్గర ఎంతసేపు నిలబడ్డారు, పైకి వచ్చేసరికి గదిలో ఎవరున్నారు, అన్నీ వరసగా చెప్పండి. రెండేళ్లలో ఆయనకి ఇది ఒక్కసారి కూడా చెప్పి ఉండరు. ఆయన వేళాకోళం ఆడేది పెద్దకోడలి గురించే, మీ అమ్మగారి గురించి ఆడరు. టీవీ కట్టేసి చెప్పండి.