అమ్మ ఆ పాట వినేసింది

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. పగలు ఉద్యోగం, రాత్రి ర్యాప్. ఐదేళ్లుగా అండర్‌గ్రౌండ్ హిప్‌హాప్‌లో, అంటే పెద్ద కంపెనీల అండ లేని ర్యాప్‌లో, ఉన్నాను. హుషారు పాటలు రాయను, నాలో జరిగేదే రాస్తాను. నాన్న చనిపోయిన ఏడాది గురించి, ఆసుపత్రి అప్పులతో సహా, ఒక ట్రాక్ చేశాను. చెల్లి ఫోన్‌లో అమ్మ అది వినేసింది. ‘ఇంటి గుట్టు రచ్చకెక్కించావు’ అంది. అప్పట్నుంచి ముక్తసరిగానే మాట్లాడుతోంది. పాటలతో డబ్బూ రావట్లేదు. ఉద్యోగం వదిలి పూర్తిగా ఇందులోకి దిగాలా, ఇదంతా మానేయాలా? రాత్రుళ్లు నిద్ర కూడా పట్టడం లేదు.

జవాబు: మీరు అడిగింది ఉద్యోగం గురించే అయినా, ఉత్తరం నిండా నాకు అమ్మే కనిపించింది. అక్కణ్నుంచే మొదలుపెడతాను.

నాన్నగారు పోయాక మీరెంత నలిగిపోయారో ఆవిడకు ఎప్పుడు తెలిసింది? ముక్కూమొహం తెలియని శ్రోతలంతా విన్నాక. ఇంట్లో ‘బాగానే ఉన్నా’ అని కంచం ముందు నుంచి లేచిపోయే కొడుకు, మైకు ముందు మాత్రం అంతా చెప్పుకున్నాడు. గుట్టు బయటపడిందన్న కోపం వెనక, తనతో చెప్పుకోలేదన్న బాధ ఉందేమో అడగండి. ‘అది నా ఆర్ట్’ అన్న మాట ఆ పూట వద్దు. పక్కన కూర్చుని ఆ పాట ఇద్దరూ మళ్లీ వినండి. ర్యాప్ వేగానికి మాటలు అందకపోతే లిరిక్స్ కాగితం చేతికివ్వండి. మనసు ఎక్కడ చివుక్కుమందో ఆవిడనే చూపించమనండి. మీ దుఃఖం గురించి రాసుకునే హక్కు మీకుంది. అప్పుల సంగతి మాత్రం ఆవిడది కూడా. ఆ రెండు లైన్లు మార్చి మళ్లీ రికార్డు చేసినా పాటకు ప్రాణం పోదు.

ఉద్యోగం మానకండి. న్యూయార్క్‌లో ‘కా’ అనే ర్యాపర్ ఉండేవారు. 1990ల్లో గ్రూపుతో ప్రయత్నించి గుర్తింపు దొరక్క ఆగిపోయారు. అగ్నిమాపక శాఖలో చేరి కెప్టెన్ దాకా ఎదిగారు. తొలి సోలో ఆల్బమ్ 2008లో వచ్చేసరికి ఆయనకు ముప్పై అయిదు దాటాయి. గుసగుసలాడినట్టుండే గొంతుతో తన జీవితమే చెప్పుకున్నారు, ఆల్బమ్‌లు సొంతంగానే విడుదల చేశారు. 2024లో, 52 ఏళ్లకు కన్నుమూసే నాటికీ పాటలు చేస్తూనే ఉన్నారు. జీతం వస్తుంటే ఎవరికి నచ్చేలా రాయాలన్న బెంగ ఉండదు. మీ తరహా పాటకు ఆ నిశ్చింత చాలా అవసరం.

ఒక చిన్న జాగ్రత్త. ర్యాప్ వెనక వినిపించే సంగీతాన్ని, అంటే బీట్‌ను, మీరు లీజుకు తీసుకుంటే, ఇచ్చినవాళ్లు దాన్నే ఇంకొకరికీ ఇవ్వొచ్చు, ఆన్‌లైన్‌లో పాట ఎన్నిసార్లు ప్లే కావచ్చో పరిమితి కూడా ఉండొచ్చు. షరతులు చదివాకే విడుదల చేయండి.

నిద్ర విషయం నన్ను కలవరపెడుతోంది. దాని గురించి ఒక్క వాక్యమే రాశారు, అదీ చివర్లో. వారాల తరబడి ఇలాగే ఉన్నా, బతకాలని లేదన్న మాటలు మీ పాటల్లోకి వస్తున్నా, సైకియాట్రిస్ట్ దగ్గరకు వెంటనే వెళ్లండి. తోడు రమ్మని అమ్మనే అడగండి.