ఇజ్రాయెల్–పాలస్తీనా గొడవలో నైతిక బాధ్యత ఎవరిది? అక్కడ పనిచేసినవాడిగా నా జవాబు

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. ఇజ్రాయెల్, పాలస్తీనా గొడవలో నైతికంగా బాధ్యులెవరు అన్నది ఒకటి. మీ తమ్ముడు అక్కడ బిల్డింగ్ పనికి వెళ్దామనుకుంటున్నాడు, వెళ్తే తప్పా అన్నది రెండోది. ఇక్కడ జవాబులు రాసినవాళ్లంతా మొదటిది పట్టుకుని కొట్టుకుంటున్నారు. రెండోదాని జోలికి ఎవరూ పోలేదు. నాకైతే అవి రెండూ ఒకే ప్రశ్నలా కనిపిస్తాయి.

మాది జగిత్యాల దగ్గర పల్లె. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మావైపు అంటారు కదా, దానికి ఇజ్రాయెల్ కూడా కలిసి చాలా ఏళ్లయింది. ముసలివాళ్లను చూసుకునే కేర్‌గివర్ పని. నేను పెతా తిక్వా అనే ఊళ్లో ఒక పెద్దాయన దగ్గర ఏళ్ల తరబడి ఉన్నాను. ఆయన్ని సబా అని పిలిచేవాణ్ణి, అక్కడ తాతను అలాగే పిలుస్తారు. బాగ్దాద్‌లో పుట్టిన యూదుడు. 1941 జూన్‌లో బాగ్దాద్‌లో యూదుల ఇళ్ల మీద పడి వందకు పైగా మందిని చంపారు. అప్పుడు ఆయన చిన్నపిల్లాడు. పక్కింటి ముస్లిం కుటుంబం వీళ్లను తమ ఇంట్లో దాచిందట. పదేళ్ల తర్వాత, 1950–51లో, లక్షా ఇరవై వేల మంది ఇరాక్ యూదులు పౌరసత్వం వదులుకుని విమానాలెక్కారు. వదిలి వచ్చినవాళ్ల ఆస్తులను అక్కడి ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఇజ్రాయెల్ వచ్చాక సబా వాళ్లు టెంట్లలో ఉన్నారు. ఇజ్రాయెలీలంటే అందరూ యూరప్ నుంచి వచ్చిన తెల్లవాళ్లే అని మనవాళ్లు రాస్తుంటారు. అక్కడి యూదుల్లో సగం దాకా ఇలా అరబ్ దేశాల నుంచి, ఇరాన్ నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లే.

మా వీధి చివర మందుల షాపు ఉండేది. అందులో పనిచేసే ఫార్మసిస్ట్ కఫర్ కాసిం ఊరివాడు. పెతా తిక్వాకు తూర్పున, దగ్గర్లోనే ఉంటుంది ఆ ఊరు. ఇజ్రాయెల్ పౌరసత్వం ఉన్న అరబ్బుల ఊరు. సబాను వీల్‌చైర్‌లో తీసుకెళ్తే బీపీ మాత్రలకు ఐదు నిమిషాలు, వాళ్లిద్దరి అరబీ కబుర్లకు అరగంట. సబా బాగ్దాద్ యాస అతనికి సగం అందేది కాదు, అయినా నవ్వుతూ వినేవాడు. ఒకసారి అక్టోబర్ చివర్లో వెళ్తే అతను లేడు. మర్నాడు అడిగితే “29న నేను పనికి రాను, ఆ రోజు మా ఊళ్లో చచ్చిపోయినవాళ్లను తలుచుకుంటాం” అన్నాడు. ఆ ఊరి కథ అలా తెలిసింది. బాధ్యత గురించి నేను ఏం అనుకున్నా ఆ ఒక్క సాయంత్రం దగ్గరికే తిరిగి వస్తాను, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

1956 అక్టోబర్ 29. ఈజిప్టుతో యుద్ధం మొదలైన రోజు. ఇజ్రాయెల్‌లోని అరబ్ ఊళ్లు అప్పటికి సైనిక పాలనలో ఉన్నాయి. జోర్డాన్ సరిహద్దు పక్క ఊళ్లలో సాయంత్రం 5 గంటల నుంచి కర్ఫ్యూ, బయట కనిపిస్తే కాల్చేయండి అని సరిహద్దు పోలీసులకు ఆర్డర్ వచ్చింది. కఫర్ కాసిం ఊరి పెద్దకు ఈ సంగతి చెప్పింది నాలుగున్నరకు. పొలాలకు, క్వారీలకు పోయిన నాలుగు వందల మంది బయటే ఉన్నారు, వాళ్లకెలా తెలుస్తుంది అని ఆయన అడిగాడు. వాళ్ల సంగతి మేం చూసుకుంటాం అన్నారు. తెలియక ఇంటికొస్తున్నవాళ్లను ఏం చేయాలి అని కింది అధికారి తన బ్రిగేడ్ కమాండర్‌ను ముందే అడిగాడట. దేవుడు వాళ్లను కరుణించాలి అన్న అర్థం వచ్చే అరబీ మాట ఒకటి కమాండర్ అన్నాడని ఆ అధికారి కోర్టులో చెప్పాడు. నేను అనలేదని కమాండర్ చెప్పాడు. ఆ సాయంత్రం సైకిళ్ల మీద, బండ్ల మీద ఊళ్లోకి వస్తున్నవాళ్లను దించి, వరసలో నిలబెట్టి కాల్చారు. ఆడవాళ్లు, పిల్లలతో కలిపి 49 మంది.

ఇక్కడొక విషయం ఉంది, ఆ ఫార్మసిస్ట్ దాన్ని రెండు మూడుసార్లు నొక్కి చెప్పాడు. అదే ఆర్డర్ చుట్టుపక్కల ఊళ్లకు కూడా వెళ్లింది. అదే యూనిఫాం, అదే యుద్ధం, అదే భయం. ఆ ఊళ్లలో ఉన్న చిన్న అధికారులు పనివాళ్లను చూసీ చూడనట్టు ఇళ్లకు పోనిచ్చారు. అక్కడ ఇంత చావు లేదు.

కేసు నడిచింది. 1958లో జడ్జి బెన్యమిన్ హలేవీ, చట్టానికి విరుద్ధమని చూడగానే తెలిసిపోయే ఆర్డర్‌ను పాటించడం నేరమేనని తీర్పిచ్చాడు. అలాంటి ఆర్డర్ మీద నల్ల జెండా ఎగురుతుంటుంది అన్నాడు. ఇజ్రాయెల్ సైనికులకు ఆ తీర్పు గురించి ఇప్పటికీ పాఠం చెప్తారు. కానీ శిక్షపడ్డవాళ్లందరూ 1960 నాటికి బయటికొచ్చేశారు. పైనున్న కమాండర్‌కు పడ్డ జరిమానా అప్పటి లెక్కలో ఒక్క పైసా లాంటిది. తీర్పు గొప్పది, శిక్ష సిగ్గుచేటు. 2007లో అధ్యక్షుడు షిమోన్ పెరెస్ ఆ ఊరికి వెళ్లి క్షమాపణ అడిగాడు.

దీని రెండో ముఖం 1929లో హెబ్రాన్, ఇప్పటి వెస్ట్ బ్యాంక్‌లో ఉన్న ఊరు. ఇజ్రాయెల్ అనే దేశం అప్పటికి లేదు. అల్ అక్సా మసీదును యూదులు ఆక్రమిస్తున్నారన్న పుకార్ల మధ్య అరబ్ గుంపులు ఆ ఊళ్లో తరతరాలుగా ఉంటున్న యూదుల మీద పడి 67 మందిని చంపాయి. అదే రోజు, అదే ఊళ్లో ఎన్నో అరబ్ కుటుంబాలు తమ యూదు పొరుగువాళ్లను ఇళ్లలో దాచి కాపాడాయి. గుంపు ఎదురుగా తలుపుకు అడ్డం నిలబడ్డవాళ్లున్నారు. 2023 అక్టోబర్ 7న, అప్పట్లో గాజాను ఏలుతున్న సాయుధ సంస్థ హమాస్ ఇజ్రాయెల్ మీద దాడి చేసినప్పుడు కూడా అంతే. నెగెవ్ ఎడారికి చెందిన ఒక బెడూయిన్ ముస్లిం మినీబస్ డ్రైవర్, కాల్పుల మధ్య నుంచి సుమారు 30 మంది యూదు యువతీయువకులను ఎక్కించుకుని బయటపడ్డాడు.

అందుకని “యూదులు బాధ్యులా, ముస్లింలు బాధ్యులా” అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ప్రశ్నే తప్పు. బాధ్యత అనేది అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు కాదు, ఒకరికి నాలుగు గుంటలు ఎక్కువ పోతే ఇంకొకరికి తగ్గడానికి. హమాస్ అక్టోబర్ 7న దాదాపు 1,200 మందిని చంపి, 251 మందిని ఎత్తుకుపోయింది. అందులో ఎక్కువమంది మామూలు జనం. ముసలివాళ్లున్నారు, పసిపిల్లలున్నారు, పొలాల్లో పనికొచ్చిన థాయిలాండ్ కూలీలున్నారు, చదువుకోవడానికి వచ్చిన నేపాలీ కుర్రాళ్లున్నారు. గాజా దిగ్బంధం ఎంత నిజమైనా ఆ నేరం గ్రాము కూడా తగ్గదు. ఆ తర్వాత ఇజ్రాయెల్ సైన్యం గాజాలో చంపినవాళ్ల సంఖ్య అక్కడి ఆరోగ్య శాఖ లెక్కలో 60,000 దాటింది. తిండి, కరెంటు, ఇంధనం ఆపేస్తున్నామని రక్షణ మంత్రి కెమెరా ముందే ప్రకటించాడు. అక్టోబర్ 7ను చూపించి దాన్ని కడగలేరు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2024 నవంబర్‌లో ఒకేరోజు నెతన్యాహు మీద, ఆ మాజీ రక్షణ మంత్రి గాలంట్ మీద, హమాస్ కమాండర్ మొహమ్మద్ దెయిఫ్ మీద వారెంట్లు ఇచ్చింది. రెండు పక్షాలవాళ్లకూ కోపమొచ్చింది. మమ్మల్ని వాళ్లతో సమానం చేస్తారా అని. కోర్టు సమానం చేయలేదు, ఎవరి కేసు వాళ్లకు పెట్టింది. నాకు సరైన పద్ధతి అదే అనిపించింది.

నాకు అన్నిటికన్నా భయం పుట్టించే మాట “అక్కడ అందరూ బాధ్యులే”. దాడి జరిగిన వారంలో ఇజ్రాయెల్ అధ్యక్షుడు హెర్జోగ్ గాజాలో బాధ్యత మొత్తం ఆ జాతిదే అన్నాడు. ఇజ్రాయెల్‌లో ఆడామగా అందరూ సైన్యంలో చేస్తారు, కాబట్టి అక్కడ మామూలు జనమే లేరు అని హమాస్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు అంటారు. రెండూ ఒకే వాదన. గాజాలో పార్లమెంటు ఎన్నికలు చివరిసారి జరిగింది 2006లో. అక్కడి జనాభాలో దాదాపు సగం పిల్లలు, ఆ ఎన్నికలప్పటికి వాళ్లు పుట్టలేదు. ఇటు, అక్టోబర్ 7న గాజా పక్కనున్న బెయెరి అనే కిబుట్జ్‌లో (అందరూ కలిసి నడుపుకునే ఊరు) చనిపోయిన వివియన్ సిల్వర్ శాంతి కోసం ఆడవాళ్లను కూడగట్టిన మనిషి, గాజా రోగులను సరిహద్దు నుంచి ఇజ్రాయెల్ ఆసుపత్రులకు కారులో తీసుకెళ్లిన మనిషి. “అందరూ” అన్న మాటలో ఆమె, ఆ పిల్లలు కూడా పడిపోతారు.

అలాగని ఇద్దరూ ఇద్దరే అని చేతులు దులుపుకుంటే అదీ అన్యాయమే. ఎవరి చేతిలో ఎంత అధికారం ఉంటే అన్ని దారులు ఉంటాయి, జవాబుదారీ కూడా అంతే. వెస్ట్ బ్యాంక్, అంటే జోర్డాన్ నదికి పడమటి పక్కనున్న పాలస్తీనా ప్రాంతం, 1967 నుంచి ఇజ్రాయెల్ సైన్యం కింద ఉంది. ఒకే కొండ మీద సెటిల్‌మెంట్‌లో, అంటే ఆక్రమిత భూమిలో ఇజ్రాయెలీలు కట్టుకున్న కాలనీలో ఉండే యూదుడు తప్పు చేస్తే మామూలు కోర్టు, కింద ఊళ్లో ఉండే పాలస్తీనీయుడు తప్పు చేస్తే సైనిక కోర్టు. ఇది యుద్ధం వేడిలో జరిగిన పొరపాటు కాదు. ఒక్కో ప్రభుత్వం కూర్చుని, బడ్జెట్ పెట్టి, రోడ్లు వేసి ఇన్నేళ్లు నడిపిన వ్యవహారం. అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జూలైలో ఈ ఆక్రమణ చట్టవిరుద్ధమని అభిప్రాయం చెప్పింది. 1948లో ఏడు లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్లు వదిలిపోయారు. వాళ్లను తిరిగి రానివ్వకూడదన్నదీ ఒక నిర్ణయమే. హమాస్ చేసినవి కూడా నిర్ణయాలే. జనం మధ్య నుంచి రాకెట్లు వేయడం, సొరంగాలు తవ్వి జనానికి మాత్రం షెల్టర్లు కట్టకపోవడం.

అక్టోబర్ 7 పొద్దున ఆరున్నరకు సైరన్ మోగింది. మా బిల్డింగ్ పాతది, ఇంట్లో రాకెట్లను తట్టుకునే కాంక్రీటు గది లేదు. తొంభై సెకన్లలో సబాను వీల్‌చైర్‌తో సహా మెట్ల దగ్గరికి చేర్చాలి. అది కుదరక ఆయన్ని రెండు చేతులా ఎత్తుకుని మెట్ల మీద కూర్చోబెట్టేవాణ్ణి. పైఅంతస్తు పిల్లలు పైజామాల్లో ఏడుస్తూ దిగేవాళ్లు. కొన్ని రోజులకు మందుల షాపుకు వెళ్తే ఫార్మసిస్ట్ మొహం పీక్కుపోయి ఉంది. కొందరు కస్టమర్లు అతని చేతి మందు తీసుకోవడం మానేశారట. “పొద్దున్నుంచి నన్ను ఖండించమంటున్నారు. ఖండించాను. కఫర్ కాసిం గురించి వీళ్లలో ఎవరినైనా ఎవరైనా అడిగారా?” అన్నాడు. సబా కాసేపు ఊరుకుని “బాగ్దాద్‌లో మా గురించీ ఎవర్నీ ఎవరూ అడగలేదు” అన్నాడు. ఇద్దరిదీ నిజమే. వాదన అంతకన్నా ముందుకు పోలేదు. అప్పటికే సబా మనవడిని సైన్యం రిజర్వ్ డ్యూటీకి పిలిచారు. ఆ విషయం ఫార్మసిస్ట్‌కు చెప్పొద్దని దారిలో నాతో అన్నాడు.

మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇదంతా హిందూ–ముస్లిం పంచాయితీ అయిపోయింది. ఇజ్రాయెల్ జెండా పెట్టుకున్నవాడికి కఫర్ కాసిం తెలియదు, పాలస్తీనా జెండా పెట్టుకున్నవాడికి హెబ్రాన్ తెలియదు. వదిలేద్దాం.

ఇక మీ తమ్ముడి సంగతి. అక్టోబర్ 7కు ముందు వెస్ట్ బ్యాంక్ నుంచి సుమారు లక్షన్నర మంది పాలస్తీనీయులు ఇజ్రాయెల్‌లో, సెటిల్‌మెంట్లలో పనిచేసేవాళ్లు, ఎక్కువమంది బిల్డింగ్ పనుల్లోనే. దాడి తర్వాత దాదాపు అందరి పర్మిట్లూ ఆపేశారు. ఖాళీ అయిన ఆ పనుల కోసమే మన దేశంలో రిక్రూట్‌మెంట్ పెట్టారు, 2024లో హైదరాబాద్‌లో కూడా. నెలకు 1.37 లక్షలు అన్నారు. కాబట్టి మీ తమ్ముడు ఎక్కబోయే పరంజా మీద నిన్నటిదాకా ఇంకొకడు ఉన్నాడు. ఒక్క సంతకంతో పని పోతే ఇల్లు ఎలా ఉంటుందో, నితాఖత్ (బయటివాళ్ల బదులు సౌదీవాళ్లకే ఉద్యోగాలివ్వాలన్న అక్కడి రూలు) అప్పుడు సౌదీ నుంచి తిరిగొచ్చిన మావైపువాళ్లకు తెలుసు. 2025 మార్చిలో వెస్ట్ బ్యాంక్ ఊళ్లో పదిమంది భారతీయ కూలీలను పాస్‌పోర్టులు లాక్కుని ఉంచేస్తే ఇజ్రాయెల్ అధికారులు బయటికి తెచ్చారు. ఆ పాస్‌పోర్టులతో పాలస్తీనీయులు చెక్‌పోస్టు దాటబోయారట, పని కోసమే అయ్యుండొచ్చు.

వెళ్లడం పాపం అని నేను అనను. పర్మిట్లు ఆపింది మీ తమ్ముడు కాదు, అప్పులు తీర్చుకోవడానికి కూలికి పోయేవాడి మీద ఆ నిర్ణయం బరువు వేయలేం. ముసలాయన్ని చూసుకోవడానికి నేను వెళ్లినందుకు నాకు చింత లేదు. కానీ సెటిల్‌మెంట్‌లో ఇళ్లు కట్టే పని వేరు. అక్కడ పోసే ఒక్కో స్లాబు ఇంకొకరి భూమి మీద పడుతుంది, అది తెలిసి పోస్తే కొంత మన చేతికీ అంటుతుంది. నేనైతే ఒప్పుకోను. డబ్బు ఎక్కువిస్తామన్నా సరే. కాంట్రాక్ట్‌లో సైట్ ఏ ఊళ్లోనో రాసి ఉందా లేదా చూసుకోమనండి. వెస్ట్ బ్యాంక్‌కు పంపితే కాదనే హక్కు ఉంటుందా అని సంతకం పెట్టకముందే ఏజెంట్‌ను అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోమనండి. విమానం దిగాక అడిగితే చెప్పేవాళ్లు ఎవరూ దొరకరు.